గర్భిణికి నిద్ర పట్టని రాత్రులు

రాత్రి పదకొండు దాటినా అశోక్ చౌక్ పరిసరాల వీధులు పూర్తిగా నిద్రపోవు. ఒక ఇంట సాంచెలు రాత్రి పాళీలో నడుస్తూనే ఉంటాయి. పక్క ఇంట ఒక స్త్రీ చాట ఒడిలో పెట్టుకొని, వేయి బీడీల లెక్కలో మిగిలిన చివరి కట్టలు చుడుతూ ఉంటుంది. నల్లా నీళ్ళు రోజూ రాని గల్లీల్లో, నీళ్ళు వచ్చే వేళ కోసం ఇంటికొకరు మేలుకొని ఉంటారు. తాత ముత్తాతల కాలంలో కరీంనగర్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపూర్ చేరిన కుటుంబాలకు ఇది కొత్త కాదు. చద్దర్లు, తువ్వాళ్ళు నేసే ఊరికి రాత్రి కూడా పనివేళే.

అటువంటి ఒక ఇంట ఏడవ నెల గర్భిణి ఉన్నదనుకొందాం. పుట్టిల్లు సిరిసిల్ల వైపు, పెళ్ళయి వచ్చి రెండేళ్ళు. మరాఠీ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఒక ఉదయం ఆమె అత్తతో, "రాత్రంతా నిద్ర వస్తలేదు అత్తమ్మా" అన్నది. "కడుపుతో ఉన్నప్పుడు అందరికీ అంతే బిడ్డా, మాకు మాత్రం వచ్చిందా?" అన్నది అత్త. ఆ మాటలో కాఠిన్యం లేదు. పైగా చాలావరకు నిజం కూడా ఉన్నది. గర్భిణుల్లో ఎక్కువమందికి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, నిద్ర చెదరడం సహజమే. అయితే సంభాషణ అక్కడితో ముగిసిపోవడమే చిక్కు. నిద్ర ఎందుకు పట్టలేదు, ఏది లేపింది, ఎక్కడ నొప్పి పుట్టింది అని రెండవ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబు కొన్నిసార్లు ఒక దిండుతో తీరిపోతుంది, కొన్నిసార్లు ఇంటి పద్ధతి మార్చుకొంటే తీరుతుంది. అరుదుగా అదే రాత్రి దవాఖానకు వెళ్ళవలసిన జవాబు కూడా రావచ్చు.

శరీరం తెచ్చే మెలకువ

గర్భం నిలిచిన తొలి మూడు నెలల్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. దానివల్ల పగటి వేళ కళ్ళు మూతలు పడతాయి, రాత్రి నిద్ర మాత్రం ముక్కలు ముక్కలవుతుంది. జనం చెప్పుకొనే అభిమన్యుని కథలో పద్మవ్యూహం వింటూ వింటూ సుభద్ర కునుకు తీసిందని, అందుకే ఆ బాలునికి బయటికి వచ్చే దారి తెలియలేదని అంటారు. తరతరాలుగా ఆ నింద సుభద్ర మీదనే ఉన్నది. గర్భిణికి పగలు కునుకు పట్టడం సోమరితనం కాదు, శరీర ధర్మం. మధ్యాహ్నం మూడు గంటల లోపల అరగంట నడుము వాల్చితే రాత్రి నిద్రకు హాని లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా పడుకొంటే మాత్రం రాత్రి కళ్ళు మూతపడవు.

నాలుగు నుండి ఆరు నెలల మధ్య చాలామందికి కొంత తెరపి దొరుకుతుంది. ఏడవ నెల నుండి కథ మళ్ళీ మారుతుంది. పెరిగిన గర్భసంచి మూత్రాశయాన్ని నొక్కడంతో రాత్రికి మూడు నాలుగు సార్లు లేవవలసి వస్తుంది. దీనికి భయపడి నీళ్ళు తాగడమే మానేసే స్త్రీలు ఉన్నారు. షోలాపూర్ ఎండల్లో అది ప్రమాదకరం. నీళ్ళు పగలు బాగా తాగి, పడుకొనే ముందు ఒకటి రెండు గంటలు మాత్రమే తగ్గించాలి. మూత్రంలో మంట ఉన్నా, చుక్కలు చుక్కలుగా వస్తున్నా, చలి జ్వరం తోడైనా అది గర్భసంచి ఒత్తిడి కాదు, మూత్రనాళంలో చేరిన క్రిముల పని. ఒక చిన్న మూత్ర పరీక్షతో తేలిపోయే ఈ వ్యాధిని వదిలేస్తే నెలలు నిండకముందే కాన్పు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఛాతీలో మంట మరొక శత్రువు. హార్మోన్ల ప్రభావంతో అన్నాశయం పైనున్న కండరం సడలుతుంది. పెరిగిన గర్భం కింది నుండి నెడుతుంది. పులుపు పైకి తన్నుతుంది. సాంచె పాళీ ముగించుకొని భర్త వచ్చాకనే తినాలనే ఆచారం ఉన్న ఇళ్ళలో గర్భిణి పదిన్నరకు జొన్న రొట్టె, శేంగా చెట్నీ తిని పదకొండుకు పడుకొంటుంది. అలా తిన్న చెట్నీ తెల్లవార్లూ గొంతులోనే ఉంటుంది. ఎనిమిది గంటలకే ఆమెకు కొంచెం తక్కువ కారంతో భోజనం పెట్టి, తలవైపు ఒక దిండు ఎత్తు పెంచితే సగం మంట తగ్గుతుంది. భర్త వచ్చినప్పుడు పక్కన కూర్చొని మాట్లాడవచ్చు, అందుకు మళ్ళీ తినవలసిన పని లేదు. అప్పటికీ తగ్గకపోతే మందు డాక్టరు చెప్పినదే వాడాలి.

టీ గురించి ఒక మాట. గర్భిణికి రోజు మొత్తంలో కెఫీన్ 200 మిల్లీగ్రాములు మించరాదని వైద్యులు చెబుతారు. రెండు కప్పుల టీతో ఆ హద్దు దాటదు. కాని సాయంత్రం ఆరు గంటల టీలోని కెఫీన్ అర్ధరాత్రి దాకా రక్తంలో ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత టీ మానితే చాలామందికి వారంలోనే తేడా తెలుస్తుంది.

ఎటు తిరిగి పడుకోవాలి?

పెద్దవారు చెప్పే మాట ఒకటున్నది. గర్భిణి ఒక పక్క నుండి మరొక పక్కకు పొర్లరాదు, లేచి కూర్చొని అటు తిరగాలి, లేకుంటే బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకొంటుందని. ఈ భయంతో రాత్రికి పదిసార్లు లేచి కూర్చొనే స్త్రీలు ఉన్నారు. బొడ్డుపేగు చుట్టుకోవడం కడుపులోని నీటిలో బిడ్డ తనంతట తాను తిరగడం వల్ల జరుగుతుంది. తల్లి పొర్లడానికి దానికి సంబంధం లేదు. చాలా కాన్పుల్లో మెడకు పేగు చుట్టుకొన్న బిడ్డలు ఏ ఇబ్బందీ లేకుండా పుడుతున్నారు. ఆ భయాన్ని ఇంటి నుండి పంపివేయవచ్చు. పడక మీదనుండి లేచేటప్పుడు మాత్రం ముందు పక్కకు తిరిగి, చేతి ఊతతో లేవడం నడుముకు మంచిది. పెద్దల మాటలో పనికివచ్చే భాగం అది.

నిజంగా పట్టించుకోవలసినది వేరే ఉన్నది. ఏడు నెలలు నిండే వేళకు, అంటే 28వ వారం నుండి, వెల్లకిలా పడుకొని నిద్రలోకి జారుకోరాదు. వెల్లకిలా పడుకొంటే గర్భసంచి బరువు వెన్నెముక పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి, గుండెకు తిరిగి వెళ్ళే రక్తం తగ్గుతుంది. దాంతో బిడ్డకు చేరేదీ తగ్గుతుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్ మొదలైన దేశాల పరిశీలనలను కలిపి చూసి 2019లో ప్రచురించిన విశ్లేషణలో, చివరి మూడు నెలల్లో వెల్లకిలా నిద్రకు ఉపక్రమించిన తల్లులకు కడుపులోనే బిడ్డ మరణించే అవకాశం పక్కకు తిరిగి పడుకొన్నవారికంటే రెండున్నర రెట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మొత్తం మీద అటువంటి మరణాలు కొద్దే కనుక భయపడనవసరం లేదు. పైసా ఖర్చు లేని జాగ్రత్త కనుక పాటించకపోవడానికి కారణమూ లేదు. ఎడమ పక్కనే పడుకోవాలన్న నియమం లేదు, కుడి పక్క అయినా సరే. నడిరాత్రి మెలకువ వచ్చి చూస్తే వెల్లకిలా ఉన్నట్లు తెలిస్తే కంగారుపడక మళ్ళీ పక్కకు తిరిగితే చాలు.

పెద్ద బజారుల్లో గర్భిణుల కోసం పొడవాటి దిండ్లు అమ్ముతున్నారు. షోలాపూర్ ఇంటికి అవి అక్కరలేదు. పాత చద్దరు ఒకటి గట్టిగా చుట్టి మోకాళ్ళ నడుమ, మరొకటి మడిచి పొట్ట కింద, ఇంకొకటి వీపు వెనుక పెట్టుకొంటే అదే పని జరుగుతుంది. ఈ ఊరి చద్దరు మందం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. వీపు వెనుక ఉన్నది నిద్రలో వెల్లకిలా పొర్లకుండా అడ్డుపడుతుంది.

కాళ్ళు గుంజితే రక్తం చూడాలి

అర్ధరాత్రి పిక్క పట్టుకొని కేక వేయించే నొప్పి చాలామందికి తెలిసినదే. కాలు చాపి, పాదం వేళ్ళను మోకాలి వైపు లాగితే కండరం సడలుతుంది. పడుకొనే ముందు గోడకు చేతులు ఆనించి పిక్కలను సాగదీయడం కూడా మేలు చేస్తుంది.

దీనికి భిన్నమైన బాధ మరొకటి ఉన్నది. అది నొప్పి కాదు, వర్ణించడానికి మాట దొరకదు. చీమలు పాకినట్లు, లోపల ఏదో లాగినట్లు ఉంటుంది. కాళ్ళు కదిలిస్తే కాసేపు నెమ్మదిస్తుంది, ఆపగానే మళ్ళీ మొదలవుతుంది. సాయంత్రం నుండి పెరుగుతుంది. కొందరు కాళ్ళకు గుడ్డ బిగించి కట్టుకొంటారు, కొందరు గోడకు తన్నుకొంటారు. రోజంతా కాలు మడుచుకొని చాట ముందు కూర్చొన్నందువల్ల ఇలా అవుతున్నదని ఇంటివారు అనుకొంటారు. ఆ కూర్చోవడం కొంత కారణం కావచ్చు. కాని గర్భిణుల్లో ఈ బాధ వెనుక తరచుగా శరీరంలో ఇనుము తక్కువై ఉంటుంది. సుద్ద, బలపం, మట్టి తినాలనిపించడం కూడా అదే లోటుకు గుర్తు కావచ్చు. ఆ కోరికను చూసి నవ్వుకోవడం కాదు, రక్తం పరీక్ష చేయించాలి.

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే గర్భిణికి రక్తహీనత ఉన్నట్లే. రక్తం తక్కువైన తల్లికి నిద్ర చెదరడం ఒక్కటే బాధ కాదు, కాన్పులో రక్తస్రావం జరిగితే ఆమె తట్టుకోలేదు. అందుకే ఆరోగ్య కేంద్రాల్లో నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఉచితంగా ఇస్తారు. అవి తెచ్చి అలమరలో దాచే ఇళ్ళు ఉన్నాయి. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు అంటారు. రెండూ నిజం కాదు. నల్లబడేది మలం మాత్రమే, దానివల్ల హాని లేదు. మాత్రను టీతో గాని, పాలతో గాని, కాల్షియం మాత్రతో కలిపి గాని మింగితే ఇనుము శరీరానికి సరిగా పట్టదు. వాటికి, దీనికి నడుమ రెండు గంటల ఎడం ఉంచాలి. నిమ్మరసం నీళ్ళతో మింగితే బాగా పడుతుంది. కడుపులో వికారం పుడితే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు.

సాంచె, చాట, నల్లా

ఇంతవరకు చెప్పినది ఏ ఊరి గర్భిణికైనా వర్తిస్తుంది. ఇక చెప్పవలసినది ఈ వాడకే ప్రత్యేకమైనది.

సాంచెల నడుమ పుట్టి పెరిగినవారు ఆ చప్పుడు తమకు అలవాటేనని అంటారు. సాంచె నడుస్తున్నంతసేపు పడుకొని, అది ఆగినప్పుడు ఉలిక్కిపడి లేచేవారు కూడా ఉన్నారు. చెవి అలవాటు పడుతుంది, శరీరం అంతగా అలవాటు పడదు. మెలకువ రాకపోయినా పెద్ద చప్పుడులో నిద్ర లోతు తగ్గుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెల్‌లు మించరాదు. సాంచెల మధ్య నిలుచుంటే అది 90ని కూడా దాటుతుంది. స్వీడన్‌లో లక్షలాది కాన్పుల వివరాలతో జరిపి 2016లో ప్రకటించిన పరిశీలనలో, గర్భవతిగా ఉండి 85 డెసిబెల్‌లు మించిన చప్పుడులో రోజంతా పనిచేసిన తల్లుల పిల్లల్లో వినికిడి లోపం ఎక్కువగా కనిపించింది. తల్లి చెవిలో దూది పెట్టుకొంటే ఆమెకు కొంత ఊరట, లోపలి బిడ్డకు కాదు. కనుక ఆమెను కండెలు చుట్టడానికైనా, దారం తెగితే అతకడానికైనా సాంచెల గదిలో గంటల తరబడి ఉంచరాదు. ఇంట్లోనే సాంచెలున్నవారు ఆమె పడకను వాటికి ఆనుకొన్న గోడ నుండి దూరపు గదికి మార్చాలి, సాంచె కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు వేయించాలి. ఆ మూడు నెలలైనా రాత్రి పాళీ పదింటికి ఆపగలరేమో లెక్క వేసుకోవాలి. కూలి మీద బతికే ఇంటికి ఇది తేలిక మాట కాదు. అన్ని సాంచెలూ ఆపలేనివారు ఆమె పడకకు దగ్గరగా ఉన్నవాటినైనా ఆపవచ్చు.

బీడీల సంగతి ఇంకా సూక్ష్మమైనది. తంబాకులోని నికోటిన్ పొగ తాగినవారికే చేరుతుందనుకోవడం పొరపాటు. రోజంతా తంబాకును తాకే వేళ్ళ చర్మం నుండి, పీల్చే పొడి నుండి కూడా అది ఒంట్లోకి వెళ్తుంది. నికోటిన్ నిద్రను తరిమే పదార్థం. రాత్రి పదకొండు దాకా చాట ముందు కూర్చొని, చేతులు దులుపుకొని, అదే గదిలో తంబాకు డబ్బా పక్కన పడుకొన్న స్త్రీకి నిద్ర రాకపోవడంలో వింత లేదు. చుట్టడం మానలేని పరిస్థితి ఉంటే వాకిలి దగ్గర గాలి ఆడే చోట కూర్చోవాలి, సాయంత్రం ఏడింటికి చాట పక్కన పెట్టాలి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని, చీర మార్చుకొన్నాకనే అన్నం ముట్టాలి. తంబాకు, తునికాకు మూత పెట్టి పడక గది బయట ఉంచాలి. వేయి బీడీల లెక్క ఆమె ఒక్కతే పూర్తి చేయాలన్న నియమం ఎక్కడా లేదు. ఆకు కత్తిరించడం, కట్టలు కట్టడం ఇంట్లో మగవారికీ చేతనవుతుంది.

ఇక మిశ్రి. పళ్ళు తోముకొనే పేరుతో కాల్చిన తంబాకు పొడిని రోజుకు నాలుగైదు సార్లు చిగుళ్ళకు రాసుకొనే అలవాటు మహారాష్ట్రలో స్త్రీలకు చాలాకాలంగా ఉన్నది, తెలుగు ఇళ్ళకూ అంటుకొన్నది. పడుకొనే ముందు మిశ్రి రాసుకోవడమంటే నిద్రకు తలుపు మూయడమే. ముంబయిలో గర్భిణులను గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో పొగలేని తంబాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టినట్లు తేలింది. ఆరోగ్య కేంద్రంలో అడగరు కదా అని దాచక, ఈ అలవాటును డాక్టరుకు చెప్పి మానడానికి సాయం పొందాలి.

నీళ్ళ వేళ విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కాని చాలా ఇళ్ళలో నీళ్ళు ఎప్పుడు వస్తాయో అని చెవి నల్లా మీద వేసుకొని పడుకొనేది కోడలే. అలా పడుకొన్న నిద్ర నిద్ర కాదు. గర్భిణి ఉన్న ఇంట ఆ బాధ్యత భర్తకో మరిదికో మారాలి. నిండు బిందెలు ఆమె ఎత్తరాదు. అర్ధరాత్రి మరుగుదొడ్డికి పోయే దారిలో, నిటారు మెట్ల దగ్గర చిన్న దీపం వెలిగించి ఉంచాలి. చీకట్లో జారిపడిన గర్భిణులను చూడని దాయి ఉండదు.

చైత్ర వైశాఖాల్లో రేకుల ఇళ్ళు నడిరాత్రి దాకా చల్లారవు. తడిపిన గోనె కిటికీకి కట్టి, పంకా ఎదుట పడుకోవచ్చు. మేడ మీద పడుకొనేవారు పిట్టగోడ లేని చోట పడకలు వేయరాదు. దోమతెర తప్పనిసరి, గర్భిణికి డెంగ్యూ గాని మలేరియా గాని వస్తే ఇతరులకంటే ఎక్కువ ముదురుతుంది.

మనసు మేలుకొని ఉంటే

ఒంటికి ఏ బాధా లేకున్నా నిద్ర రానివారు ఉన్నారు. తొలి కాన్పు భయం, అప్పు, భర్త తాగుడు, పుట్టింటి దూరం ఇందుకు కారణాలు కావచ్చు. రెండవసారి గర్భిణి అయితే తొలి బిడ్డ ఆడపిల్ల కావడం కూడా కారణం కావచ్చు. "ఈసారైనా కొడుకేనా" అని వచ్చినవారల్లా అడుగుతుంటే ఆ తల్లికి నిద్ర ఎక్కడిది? బిడ్డ ఆడో మగో నిర్ణయించే క్రోమోజోము తండ్రి నుండి వస్తుంది. ఆ ప్రశ్న తల్లిని అడగడం అన్యాయం, పరీక్షతో తెలుసుకోబోవడం 1994 చట్టం ప్రకారం నేరం.

రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతుకు వద్దనిపించడం ఉంటే అది నిద్ర సమస్య కాదు, చికిత్స ఉన్న జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద పగలు రాత్రి ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడే అవకాశం ఉన్నది. బతుకు వద్దనే మాట ఆమె నోట వస్తే ఒంటరిగా వదలక అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకొని పోవాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన నిద్రమాత్ర గర్భిణికి ఎన్నడూ ఇవ్వరాదు, పక్కింటి వారికి పనిచేసినదైనా సరే.

తెల్లవారేదాకా ఆగరానివి

ఈ వాడలో ప్రతి ప్రమాద సూచనకూ ఒక సులభమైన కారణం సిద్ధంగా దొరుకుతుంది. అదే ఇక్కడి ప్రత్యేకమైన అపాయం.

తల పగిలిపోతున్నదంటే సాంచె చప్పుడుకని అంటారు. కాని అయిదవ నెల దాటిన గర్భిణికి తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు లేదా చీకట్లు, పక్కటెముకల కింద పొట్టలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం కనిపిస్తే అది రక్తపోటు కావచ్చు. 140/90 గాని అంతకు మించి గాని ఉంటే వైద్యం వెంటనే కావాలి, ఆలస్యమైతే మూర్ఛలు వస్తాయి. గర్భంతో కొత్తగా గట్టి గురక మొదలైనా రక్తపోటు చూపించుకోవడం మంచిది. అరికాళ్ళు, అరచేతులు దురద పెడుతున్నాయంటే తంబాకు పొడి అంటారు, ఉక్క అంటారు. దద్దు లేకుండా, రాత్రి వేళ పెరిగే దురద కాలేయంలో పిత్తరసం నిలిచిపోవడం వల్ల రావచ్చు. అది తల్లికి దురదతో పోతుంది, బిడ్డ ప్రాణానికి ముప్పు తెస్తుంది. రక్త పరీక్షతో తేలుతుంది, మరునాడే చేయించాలి. నడుము నొప్పి అంటే చాట ముందు కూర్చొన్నందుకే అంటారు. ఆ నొప్పి అలలుగా వచ్చి పోతూ, పొట్ట గట్టిపడుతూ ఉంటే, తొమ్మిదో నెల రాకముందే కాన్పు మొదలవుతున్నదేమో చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది బిడ్డ కదలిక. తల్లి నిశ్చలంగా పడుకొన్నప్పుడు కదలికలు బాగా తెలుస్తాయి కనుక రాత్రి బిడ్డ తన్నడం వల్ల మెలకువ రావడం సంతోషించవలసిన విషయమే. ఏడవ నెల నుండి ప్రతి బిడ్డకూ తనదైన ఒక వరుస ఏర్పడుతుంది. ఆ వరుస మందగిస్తే, లేదా కదలిక ఆగితే, "బిడ్డ కూడా పడుకొన్నది" అని సర్దిచెప్పుకోరాదు. ఆ రాత్రే పోవాలి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, మూర్ఛ, ఊపిరాడకపోవడం కూడా అదే కోవలోనివి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ఇంటి నుండి రవాణా 2011 నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. అత్యవసరం కానివాటికి ప్రతి నెల 9వ తేదీ ఉన్నది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆ రోజు నాలుగవ నెల దాటిన గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు.

డాక్టరుకు చెప్పే తీరు

"నిద్ర వస్తలేదు" అని మాత్రమే చెబితే రద్దీగా ఉన్న దవాఖానలో డాక్టరు కూడా అత్తగారి మాటే చెప్పి పంపవచ్చు. ఏ వేళకు మెలకువ వస్తున్నది, ఏది లేపుతున్నది, ఎన్ని రోజులుగా అన్నవి మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకొని పోతే మాట వేరుగా ఉంటుంది. షోలాపూర్‌లో పుట్టినవారికి మరాఠీ ఇంటి భాషే. తెలంగాణ నుండి కొత్తగా వచ్చిన కోడళ్ళకు మాత్రం ఈ కింది వాక్యాలు పనికివస్తాయి. తల్లీబిడ్డల కార్డు వెనుక రాసి పెట్టుకోవచ్చు.

నిద్ర పట్టడం లేదు: ఝోప్ యేత్ నాహీ.
పిక్కలు పట్టేస్తున్నాయి: పాయాత్ గోళే యేతాత్.
ఛాతీలో మంట: ఛాతీత్ జళ్‌జళ్ హోతే.
మూత్రంలో మంట: లఘ్వీలా జళ్‌జళ్ హోతే.
అరచేతులు, అరికాళ్ళు దురద: తళ్‌హాతాలా, తళ్‌పాయాలా ఖాజ్ సుటతే.
తల నొప్పి, కళ్ళకు చీకట్లు: డోకం దుఖతం, డోళ్యాంసమోర్ అంధారీ యేతే.
బిడ్డ కదలిక తగ్గింది: బాళాచీ హాల్‌చాల్ కమీ ఝాలీ ఆహే.

చివరి మూడు వాక్యాలు ఇంట్లో మగవారికి కూడా నోటికి వచ్చి ఉండాలి. అర్ధరాత్రి అంబులెన్సుకు ఫోను చేసేది ఎక్కువగా వారే.